సేటుకు సుత ఇచ్చిన

"గా సేటు తప్ప ఎవలైనా వాడుకోవచ్చు" అని లైసెన్సుల ఒక మాట చేర్చిన.

నకిరేకల్ నిమ్మ మార్కెట్ల కాంటా తూకాన్ని రైతు ఫోనుకు పంపే సాఫ్ట్‌వేర్ నేనే రాసిన. గా మార్కెట్ల కాయలు కొనే సేటు తన తూకం దొంగతనాన్ని, కాంటా కాడ పనిచేసే మా అబ్బా మీదికి నూకిండు. పదిమందిల అంగీ పట్టి బయటికి గుంజిండు.

నాతోటి పనిచేసే ఎస్తేరు చదివి తల అడ్డంగ ఊపింది. "ఒక్కన్ని వద్దన్నా ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు జేబా. అందరికీ అంటే పగోనికి సుత."

"మరి మా అబ్బాకైన దానికి?"

"గది లైసెన్సుల తీర్చుకునేది కాదు."

లైసెన్సు మొత్తం మళ్ల చదివిన. నేను చేర్చిన మాట కొట్టేసి, సేటు దుకాణంల నేనే పోయి సాఫ్ట్‌వేర్ పెట్టిచ్చిన.

"మీ అబ్బా కంటె నీకు బుద్ధున్నది బిడ్డా" అని నవ్విండు. ఎస్తేరు సుత నేను మాఫ్ చేసిన అనుకున్నది.

సేటు చెయ్యి ఊకుండదని నాకెరుకే. బస్తకు రెండు కిలోలు తగ్గేటట్టు సాఫ్ట్‌వేర్‌ను మార్పిచ్చిండు. ఎవలైనా మార్చుకోవచ్చు. కని ఏం మార్చిన్రో, ఫోన్ల తూకం అందినోళ్లు అడిగితే చూపియ్యాలె. గా షరతు లైసెన్సుల మొదటిసంది ఉన్నది. స్వేచ్ఛకు అది అడ్డం రాదు.

ఇయ్యాల రైతులందరు దుకాణం ముంగటికొచ్చి అడుగుతున్నరు. అడగమన్నది నేనే.

చూపిస్తే దొంగ. చూపియ్యకున్నా దొంగనే.

అబ్బా ఇస్త్రీ అంగీ ఏసుకొని అందరికంటె ముంగట నిలవడ్డడు.