మానకూడని మచ్చలు

“అక్కడే ఆగు! బల్లమీద చెయ్యెట్టకు!”

క్లర్కు కామేష్ కేకకు పెన్షన్ల ఆఫీసులో అందరూ తలలు తిప్పారు.

ఎదురుగా నిలబడ్డ అసిరయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. మోచేతుల దాకా నల్లటి మచ్చలు, పొలుసులు. మెడమీద చర్మం ఉడికినట్టు ఎర్రగా ఉంది.

“అంటుకునేది కాదు బాబూ. మిలట్రీలో ఇసపు మందు డ్రమ్ము పగిలి...”

“కథలు సెప్పకు. కాయితం అక్కడెట్టు.”

కామేష్ ఆ కాగితాన్ని స్కేలుతో ట్రేలోకి తోశాడు. మడతైనా విప్పలేదు. చదువుకున్నవాడే మరి!

“ఆదివారం అరసవల్లి ఎల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకో. మచ్చలన్నీ పోతాయి.”

“అప్పుడే పోకూడదు బాబూ. డాక్టర్లకి సూపించాల. తేదీ ఎప్పుడిస్తారు?”

“ఓర్నాయనో! పెన్షన్ కోసం రోగాన్ని దాసుకున్నాడర్రా!”

ఆఫీసంతా గొల్లుమంది.

“నాకు కాదు బాబూ...”

“ముందు బయటికి నడు!”

నెల్లిమర్ల నుంచి ఆ మనిషి మరో రెండుసార్లు బస్సెక్కి వచ్చాడు. రెండుసార్లూ గేటు దగ్గరే ఆపేశారు. ఆఖరిసారి ఓపికలేక గేటు పక్క అరుగుమీద కూర్చుంటే, లేపి పంపేసి, ఆ అరుగును ఫినాయిలు పోసి కడిగించారు. సిగ్గుండాలి! ఆ చర్మం ఎవరికోసం కాలిందో ఒక్కడైనా అడిగాడా?

రెండు నెలలకు గున్నమ్మ అనే ఆవిడ వచ్చింది.

“బాబూ, అసిరయ్యన్న ఇచ్చిన కాయితం ఏటయినాది?”

“ఆ మచ్చలాయనా? నువ్వాయనకేటవుతావు?”

“ఏటీ కాను. అన్న మంగళారం సచ్చిపోనాడు.”

కామేష్ ట్రే అడుగునుంచి కాగితం లాగి, మొదటిసారి మడత విప్పాడు.

దరఖాస్తుదారు: గున్నమ్మ, సిపాయి సోములు భార్య.

కింద అసిరయ్య రాత: ‘డ్రమ్ము పగిలిననాడు సోములూ నేనూ కలిసే ఉన్నాం. ఇవే మచ్చలొచ్చి అతను పోయాడు. మిలట్రీలో వచ్చింది కాదు, ఇంటి జబ్బని అతని భార్యకు పెన్షన్ ఆపేశారు. ఆరోజు అక్కడున్నవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. నా చర్మం పరీక్షించండి, నిజం తెలుస్తుంది.’

కామేష్ ట్రేలో మిగతా కాగితాలన్నీ తిరగేశాడు.

“మరి... ఆయన సొంత అర్జీ ఏదీ?”

“ఎట్టుకోనేదు. ‘ముందు నీది అవనీ సెల్లెమ్మా’ అన్నాడు.”

“ఇప్పుడు సాక్షి లేకపోతే ఇది...”

“తెలుసు బాబూ. అన్నని కాల్చేసినాం కదా.”

గున్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“మచ్చలు మానిపోతే నాకు సాక్ష్యం ఉండదని, ఒళ్ళంతా సీము పడతన్నా, ఈ రెండు నెల్లూ మందు రాసుకోనేదు బాబూ!”