బీరువాలో బ్యాడ్జి

"నీ బ్యాడ్జి కొంప ముంచిందయ్యా!" అంటూ సేఫ్టీ ఆఫీసరు గది తలుపు దగ్గరికి వేశాడు. "ఏడాది మొత్తంలో తగలకూడనంత రేడియేషన్ నీకు మూడు నెలల్లోనే తగిలిందట. ఇప్పుడే ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేశారు. ఇవాళ్టి నుంచి నువ్వు కెమెరా ముట్టుకోవడానికి వీల్లేదు."

కెమెరా బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ పైపుల ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరూ అతన్ని పిలిచే పేరది. కెమెరా అంటే ఫొటోలు తీసేది కాదు. గింజంత రేడియోధార్మిక గుళికని కడుపులో దాచుకున్న బరువైన పెట్టె. పైపుల అతుకుల్లో పగుళ్ళుంటే దాంతోనే ఫిల్ము మీదికి తెస్తారు. ఆ పని చేసేవాళ్ళకి ఎంత రేడియేషన్ తగిలిందో ఛాతీ మీద పెట్టుకునే బ్యాడ్జి లెక్క కడుతుంది.

"వాంతులేమైనా అయ్యాయా? నీరసంగా ఉందా?"

"లేదు సార్, గుండ్రాయిలా ఉన్నాను. ల్యాబ్ వాళ్ళే పొరపాటు పడ్డారేమో?"

"మళ్ళీ మళ్ళీ చూశారు. పెట్టె మూత సరిగ్గా పడలేదా? చెప్పు, ఎక్కడ తగిలింది?"

కెమెరా బావకి తెలుసు, ఆ బ్యాడ్జికి ఎక్కడా తగిలే వీలే లేదు. ఆ మూడు నెలలూ అతని ఛాతీ మీద వేలాడింది ఒట్టి ప్లాస్టిక్ డబ్బీ. అసలు లెక్క కట్టే కార్డేమో ఇంట్లో, పడగ్గది బీరువాలో, బట్టల మడతల మధ్య హాయిగా పడుకుంది. లెక్క పెరిగితే కెమెరా లాక్కుని స్టోర్ రూములో కూర్చోబెడతారు. బోల్టులకి దుమ్ము దులుపుతూ బతకడం తనవల్ల కాదని ఆ మహానుభావుడు వేసిన ఎత్తు అది. మూడు నెలలు నిండగానే కార్డుని డబ్బీలో పెట్టి, ఏమీ ఎరగనట్టు అప్పగించేశాడు.

అప్పుడు తట్టింది అతనికి. కార్డు ఉన్నది ఇంట్లో. అంటే రేడియేషన్ ఉన్నదీ ఇంట్లోనే! ఆ ఇంట్లో తన భార్య ఉంది. దువ్వెన నిండా జుట్టే వస్తోందండీ అని మొన్న కూడా అంది. పెళ్ళైన దగ్గర్నుంచీ అంటూనే ఉంది, కానీ ఇవాళే అతని చెవికెక్కింది.

ఒక్క నిమిషం సార్ అని పక్కకి వెళ్ళి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావ్?"

"ఎక్కడుంటాను, క్లినిక్‌లో." ఆమె పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటు. "పేషెంటు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. త్వరగా చెప్పండి."

"నేను చెప్పేదాకా ఇంటి గడప తొక్కకు."

"పట్టపగలే తాగారా?"

అతను ఫోన్ పెట్టేశాడు. నోరు మూసుకుంటే కెమెరా ఒక్కటే పోతుంది, ఉద్యోగం మిగులుతుంది. నిజం చెబితే ఉద్యోగానికే ఎసరు. కార్డు దాచినవాణ్ణి ఫ్యాక్టరీ గేటు దగ్గర కూడా నిలబడనివ్వరు. కెమెరా బావ వెనకా ముందూ చూసుకోలేదు.

"సార్, ఆ కార్డు మూడు నెలలూ మా ఇంట్లోనే ఉంది, బీరువాలో. నేనే దాచాను. నన్ను పంపించేస్తారో, పోలీసులకే పట్టిస్తారో మీ ఇష్టం. ముందు రేడియేషన్ మీటరు పట్టుకుని మా ఇంటికి రండి. మా ఆవిడ ఆ గదిలోనే పడుకుంటుంది సార్!"

ఆఫీసరు జీపు తాళాలు, మీటరు అందుకుని పరిగెత్తాడు.

పడగ్గదిలో మీటరు బీరువా అంతా తిరిగింది. పరుపు కిందికి, దిండ్ల మధ్యకి, చెప్పుల స్టాండుకి, చివరికి వంటింట్లో ఉప్పు డబ్బాలోకి కూడా వెళ్ళి వచ్చింది. ఎక్కడా చిన్న చప్పుడు లేదు. ఆఫీసరు మంచం కింద దూరి ఉండగా ఇంటావిడ రానే వచ్చింది. గడప తొక్కవద్దంటే ఆగే మనిషి కాదు.

కెమెరా బావ గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "లోపలికి రాకు! ఇంట్లో రేడియేషన్ ఉంది."

"మన ఇంట్లోనా?"

"బీరువాలో దాచిన కార్డుకి బోలెడంత తగిలింది. దాని పక్కనే కదే నువ్వు పడుకునేది! జుట్టు ఊడుతోందని మొత్తుకుంటే నవ్వాను. పాపిష్టివాణ్ణి. ఉద్యోగం పోతే పోయింది. దాచిన సంగతి సార్‌కి చెప్పేశాను."

"మీ అంతట మీరే చెప్పేశారా?"

"చెప్పకపోతే నీకేమైనా అయితే?"

ఆమెకి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. భర్త చేతిని మెల్లగా పక్కకి తోసి లోపలికి వచ్చింది. మంచం కింద నుంచి బయటికొస్తున్న ఆఫీసరుని చూసి దణ్ణం పెట్టింది.

"ఆ మీటరు కట్టెయ్యండి సార్. ఇంట్లో ఏమీ లేదు."

"మీకెలా తెలుసమ్మా?"

"బట్టలు సర్దుతుంటే ఆ కార్డు దొరికింది. ఈయనకి నిజంగా ఎంత తగులుతోందో దేవుడికే తెలియాలి. ఆ కెమెరా వదిలెయ్యండీ అని కాళ్ళావేళ్ళా పడినా చెవిన పెట్టరు. లెక్క పెరిగితే గానీ మీరు ఆయన్ని కెమెరా పని నుంచి తప్పించరని ఆయనే ఒకసారి అన్నారు." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అందుకని రోజూ దాన్ని క్లినిక్‌కి తీసుకెళ్ళి, వచ్చిన ప్రతి పేషెంటు పన్నుతో పాటు దానికీ ఒక ఎక్స్‌రే తీశాను."