పని ఉన్నట్టే లెక్క

"ఇంట్ల ఎవరన్న పని లేకుండ ఉన్నరా అవ్వా?"

అడగకూడని మాట అడిగానని ఉజ్మాకు వెంటనే తెలిసిపోయింది. గడపలో కూర్చున్న శంకరవ్వ తల తిప్పుకుంది. బీడీలు చుడుతున్న కోడలు ఊర్మిల చేతిలో దారం ఆగింది. లోపలి నుంచి శంకరవ్వ కొడుకు ఎల్లేశం మెడలో కండువా సర్దుకుంటూ గబగబా వచ్చాడు.

"పని లేకుండ ఎవ్వలున్నరు? నేను సాంచాల కార్మికుణ్ణి. సమ్మె గాబట్టి ఇంటికాడున్న. సకల జనుల సమ్మె! ఎరుకనా, లేదా?"

ఉజ్మా ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. "ఎరుకే అన్నా" అంది.

"బస్సులు సుత బంద్ వెట్టిరి. గీ పిల్ల ఎట్లచ్చిందో ఏమో" అంది శంకరవ్వ.

"ఆటోలల్ల అచ్చిన అవ్వా."

ఉజ్మాది జగిత్యాల. ఎం.ఏ., బీ.ఎడ్. చదివి, ఏ ప్రాంతంలో ఎంతమందికి పని లేదో లెక్కగట్టే ఓ సర్వేలో రోజుకూలీకి కుదిరింది. పొద్దున సిరిసిల్ల బస్టాండులో బస్సు దిగినప్పటి నుంచి ఇల్లిల్లూ తిరుగుతోంది. అంతకుముందు కోరుట్లలో తిరిగితే ఒక్క నిరుద్యోగీ దొరకలేదు. ఎట్లా దొరుకుతారు? పని లేని మగవాళ్లంతా దుబాయి, మస్కట్ పోయారు. ఇంట్లో లేనివాడు లెక్కలోకి రాడు. జగిత్యాలలోనేమో డిగ్రీలు చేతబట్టుకున్న వాళ్లంతా నోటిఫికేషన్ కోసం చదువుతున్నామన్నారు. చదువుకునేవాడు నిరుద్యోగి కాడట! ఇంత గాలించి తీసిన శాతం కాగితం మీద చిన్నగా, ముద్దుగా ఉంటుంది. దాన్ని చూసి ఈ వైపు పనులు పుష్కలంగా ఉన్నాయని పెద్దమనుషులు మురిసిపోతారు. ఉజ్మాకు ఒళ్లు మండేది. మండినా రోజుకూలీ వదులుకునే పరిస్థితి కాదు.

"సమ్మెల ఉన్నోళ్లను ఏమని రాస్తవమ్మా?" ఎల్లేశం కాగితంలోకి తొంగిచూశాడు.

"పని ఉన్నట్టే లెక్క అన్నా. సమ్మె అయిపోంగనె మళ్ల పనిలకు పోతరు గద."

"గట్ల రాయి! ఇన్నవా అవ్వా? లెక్కల గూడ నాకు పని ఉన్నట్టే."

"ఇన్న కొడుకా" అంది శంకరవ్వ.

దూరంగా బడి గంట మోగింది. సమ్మెలో బడులూ బందే కదా అని ఇంట్లో ఎవరూ అనలేదు. గడిలో టిక్కు పెడుతూ ఉజ్మా తలెత్తింది. ఊర్మిల తనవైపే చూస్తోంది, టిక్కు ఎక్కడ పడుతుందోనని.

అంతలో వెనక గల్లీ నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. సిరిసిల్లలో పుట్టినవాళ్లకు ఆ చప్పుడేమిటో చెప్పక్కర్లేదు. మరమగ్గం. అక్కడి మాటలో సాంచా. ఎల్లేశం ముఖం పాలిపోయింది. కండువా కొసతో ముఖం తుడుచుకున్నాడు.

శంకరవ్వే అందుకుంది. "గాళ్లు దొంగతనంగ నడుపుతున్నరు బిడ్డా. నలుగురు బంద్ వెట్టినంక నడుపుకునుడు సిగ్గుతక్కువ పని. మావోడు గసుంటోడు గాదు."

"అవ్ అవ్వా, గసుంటోణ్ణి గాదు" అన్నాడు ఎల్లేశం. అతనికి ఊపిరి మళ్లీ తిరిగింది. "సమ్మె శిబిరానికి పోవాలె, ఆలస్యమైతది. తెలంగాణ రానియ్, సాంచాలు రాత్రింబగళ్లు నడుస్తయ్."

"ఇంత అన్నం తిని పోరాదు."

"అచ్చి తింట."

అతను గల్లీ మలుపు తిరిగేదాకా శంకరవ్వ మెడ సాచి చూస్తూనే ఉంది. పొద్దున్నే పోవడం, మాపటికి ఒళ్లంతా దుమ్ముతో రావడం. శిబిరంలో కూర్చుని వచ్చేవాడికి అంత దుమ్ము ఎక్కడిదని ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

లోపల గోడకు దండ వేసిన ఫొటో ఉంది. ఎల్లేశం పోలికే, కాస్త పెద్దవాడు. ఉజ్మా చూడటం గమనించి ఊర్మిల దగ్గరికి జరిగింది. అత్తకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"మా బావ, మొగిలయ్య. పనిచ్చే ఆసామి సాంచాలన్ని తుక్కు కింద అమ్ముకున్నడు, పని పోయింది. గా ముచ్చట మా అత్తకు చెప్పిన తెల్లారే పాణం తీసుకున్నడు. అప్పటిసంది గీ ఇంట్ల పని లేదన్న మాట ఎవ్వలం ఎత్తం. నువ్వు మంచిగనే రాసినవ్ చెల్లే."

ఉజ్మా తలూపింది.

ఊర్మిల మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లింది. శంకరవ్వ ఉజ్మా సంచిని తడిమి చూసింది.

"నీది నౌకరేనా బిడ్డా?"

"గీ సర్వే అయ్యేదాక అవ్వా."

"అటెన్క?"

"అటెన్క నన్ను గూడ ఎవలన్న లెక్కవెట్టాలె" అని ఉజ్మా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

వెనక గల్లీలో ఇంకో సాంచా అందుకుంది. శంకరవ్వ లోపలికి ఓసారి చూసి, కోడలు రావడం లేదని రూఢి చేసుకుంది. ఉజ్మా చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుంది.

"సమ్మె ఎప్పుడో అయిపోయిందని నాకెరుకేనని వానికి చెప్పకు బిడ్డా."