ఎవరూ ఉండని వేళ

"ఇక ఆఖరి ప్రశ్న అవ్వా," అంది అమ్మాయి, మంచినీళ్ల గ్లాసు కింద పెడుతూ. "మీ ఇంట్లో ఎవరూ ఉండని వేళ ఏది?"

అవ్వ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఆ పిల్లను ఎగాదిగా చూసింది. లోపల తెర వెనక ఏవో గుసగుసలు వినిపించి, ఠక్కున ఆగిపోయాయి.

"బుధవారం పొద్దున," అంది చివరికి. "గిడ్డంగికి లారీలొచ్చే రోజు. సరుకు దించడానికి అందరం అక్కడికే పోతాం. నెలలు నిండిన మనవరాలిని ఒక్కదాన్నే వదల్లేక వెంటబెట్టుకుపోతాను. వీధిలో పిట్ట కూడా ఉండదు."

అమ్మాయి రాసుకోబోయి ఆగింది. పొద్దుటి నుంచి తలుపు తట్టిన ప్రతి ఇంట్లోనూ ఇదే మాట, ఆ పిట్టతో సహా. బళ్లో ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెబుతున్నారు. అయినా పైకి నవ్వి, ఇంకెంత, నాలుగు రోజుల్లో వైద్యుడి బండి మీ గుమ్మంలోకే వస్తుందని, మనవరాలు అంత దూరం ఆసుపత్రికి నడవక్కర్లేదని చెప్పింది. అవ్వ తలూపింది గాని, ముఖంలో సంతోషం మచ్చుకైనా లేదు.

అమ్మాయి విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ విధానాలు చదువుతోంది. సెలవుల్లో సచివాలయంలో ఇంటర్న్‌గా చేరితే, డైరెక్టరు గారు ఈ సర్వే అప్పగించాడు. ఆయన మాట తేనె పూసినట్టు ఉంటుంది. ఆఫీసు బిల్ల తీసేసి కాలేజీ కార్డు మెడలో వేసుకెళ్లమన్నాడు. సర్కారు మనిషి వెళ్తే తలుపులు మూసుకుంటాయట, చదువుకునే పిల్ల వెళ్తే పీట వేస్తారట. ముందు ఆరోగ్యం సంగతులు అడగాలి, వాళ్లు మంచినీళ్లిచ్చాక ఆఖరి ప్రశ్న వెయ్యాలి. ఎవరూ లేని వేళ బండి వచ్చి ఊరికే తిరిగిపోకూడదు కదా అన్నాడు. జాగ్రత్తగా ఉండమని కూడా చెప్పాడు. పోయినేడు తన సిబ్బంది మీద ఆ వీధి జనం రాళ్లు రువ్వారట.

ఆ మాట గుర్తొచ్చి, వీధి దాటేదాకా వెనక్కి చూడకుండా నడిచింది. వీధి మొదట్లో ఇళ్లు లేవు, ఉత్త నేలలే మిగిలాయి. ఒకదాని మీద పొయ్యి మాత్రం అలాగే ఉంది, మసితో సహా. అక్కడివాళ్లు ఏమయ్యారని డైరెక్టరు గారిని ముందే అడిగింది. వాళ్లంతట వాళ్లే ఖాళీ చేసి పోయారని చెప్పాడాయన.

ఇంటికొచ్చి, ఆ జనాన్ని చూస్తే భయమేస్తోందని అక్కతో అంది. అక్క పకపకా నవ్వింది. సొంత ఇల్లు ఊడ్చమంటే నడుం నొప్పి వచ్చే పిల్లకు ఊళ్లోవాళ్ల ఇళ్లతో పనేమిటే అని ఆటపట్టించింది. అమ్మాయికి నవ్వు రాలేదు. అవ్వ మనవరాలే కళ్ల ముందు మెదిలింది. భయమేస్తే వేసింది గానీ, బండి మాత్రం రప్పించి తీరాలనుకుంది.

మర్నాడు సర్వే అంతా వివరించబోతే డైరెక్టరు గారు చెయ్యెత్తి ఆపాడు. ఆఖరి ప్రశ్నకు జవాబొక్కటి చాలన్నాడు.

"బుధవారం పొద్దున సార్. కాబట్టి ఆ రోజు తప్ప ఇంకెప్పుడైనా బండి పంపవచ్చు."

"భేష్," అన్నాడాయన. "బుధవారం నువ్వు రానక్కర్లేదమ్మా. ఇంట్లో విశ్రాంతి తీసుకో."

ఆయన వెనక గోడ మీద పోయినేటి ఉత్తమ ఇంటర్న్ ఫొటో ఉంది. బక్కపల్చటి కుర్రాడు, ఇప్పుడు పై అంతస్తులోనే ఉద్యోగం. అంత గొప్ప పని ఏం చేశాడని బయట టైపిస్టును అడిగింది. ఆవిడ తల ఎత్తకుండానే, నీలాంటి మంచి పిల్లాడేలే అని ఊరుకుంది.

బుధవారం అమ్మాయికి ఇంట్లో కాలు నిలవలేదు. ఆఫీసుకే వెళ్లింది. ఆవరణలో పసుపుపచ్చ యంత్రాలు బారులు తీరి గరగరమంటున్నాయి. వెనక పోలీసు బస్సు ఉంది. ఎక్కడికని డ్రైవరును అడిగితే, గిడ్డంగి వెనక వీధికన్నాడు.

"మనుషులుంటే గొడవమ్మా. వీధి ఖాళీగా ఉండే వేళ ఎవరో కనిపెట్టి చెప్పారట. ఇళ్లు మధ్యాహ్నానికల్లా నేలమట్టం చేసేస్తాం."

అమ్మాయి రోడ్డు మీదికి పరుగెత్తింది. దొరికిన ఆటో ఎక్కేసింది. తిరిగి వచ్చేసరికి గూడు ఉండదే అవ్వ మనవరాలికి, తన నోటి మాటతోనే కదా ఇంత జరిగిందని దారి పొడవునా ఏడ్చింది. వీధిలో నరమానవుడు లేడు. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. లోపల ఎవరూ ఉండరని తెలిసీ అవ్వ తలుపు దబదబా బాదింది. వెనక మలుపులో యంత్రాల చప్పుడు దగ్గరపడుతోంది.

తలుపు తెరుచుకుంది.

ఎదురుగా అవ్వ నిలబడి ఉంది. లోపల మనవరాలు, పక్కన నల్లకోటు లాయరు, కెమెరా పట్టుకున్న విలేకరి ఉన్నారు. మిగతా తలుపులూ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆడా మగా, ముసలీ ముతకా చడీచప్పుడు లేకుండా బయటికొచ్చి వీధికి అడ్డంగా కూర్చున్నారు. ఒక్కరూ పనికి వెళ్లలేదు.

"నాకు తెలియదు అవ్వా, ఒట్టు," అంది అమ్మాయి. "వైద్యుడి బండి కోసమన్నారు."

అవ్వ కోప్పడలేదు. ఆ రోజులాగే గ్లాసుతో నీళ్లు అందించింది.

"తెలుసులే తల్లీ, తాగు," అంది, వీధి మొదట్లోని ఉత్త నేలల వైపు చూస్తూ.

"పోయినేడు వచ్చిన పిల్లాడూ ఇదే అడిగాడు."