ఏ ఈలకు లేస్తాయి?

ఈల కొనడానికి వచ్చిన మనిషి ఈల వంక చూడదేమిటి?

భిక్షపతి తనలో తాను వేసుకున్న ప్రశ్న ఇది. కల్వకుర్తి అంగడిలో అతని గొర్రెల బండికి ఎదురుగా సైదులు ఆటవస్తువులు పరుచుకుని కూర్చున్నాడు. అతని ముందున్న ముసలామె చవక రేకు ఈలలను ఒక్కొక్కటిగా ఊది చూస్తోంది. ఊదిన ప్రతిసారీ ఆమె చూపు మాత్రం బండి వైపే మళ్లుతోంది.

తెల్లవారుజామున ఆ గొర్రెలను అమ్మినవాళ్లు బేరమైనా ఆడలేదు. యజమాని గుర్తుగా చెవులకు పెట్టిన పాత గాటు మీద కొత్త కోత కనిపిస్తోంది, నెత్తురింకా ఆరలేదు. చవకగా వస్తున్నాయి కదా అని భిక్షపతి ఏమీ అడగలేదు. ఇప్పుడు అతన్ని ఒకటే భయం పట్టుకుంది. ఏ మందా తన కాపరి ఈలను మరవదు. ఈమె ఆ మంద మనిషే అయి, అలాంటి ఈల ఈమె చేతికి దొరికిందంటే, ఇన్నేళ్ల తన వ్యాపారం నిండు అంగడిలో దొంగతనమై నిలుస్తుంది.

"అన్నీ ఎంగిలి చేస్తే మిగిలినయి ఎవలు కొంటరు సుక్కమ్మవ్వా?" సైదులు విసుక్కున్నాడు.

"ఎంగిలైతే కడుగుతరు. పలకనిదాన్ని కడిగితే పలుకుతదా?" అంటూ ఆమె ఇంకొకటి అందుకుంది.

భిక్షపతి ఆగలేక దగ్గరికి వెళ్లి, మనవడి కోసమా అని నవ్వుతూ అడిగాడు. ఆమె మెడ సాచి అతని వెనక్కి చూసింది.

"జర పక్కకు జరుగు బిడ్డా, కనవడ్తలేదు."

ఈసారి ఈల కర్కశంగా మోగింది. బండిలో ఒక గొర్రె చెవులు రిక్కించి తలెత్తింది. సుక్కమ్మ ముఖం విప్పారింది. ఇదే కావాలని డబ్బులిచ్చి, లేచి బండి వైపు నడిచింది.

దొరికిపోవడం వేరు, ఇచ్చివేయడం వేరు. ఆ రెంటికీ నడుమ నాలుగడుగుల దూరమే మిగిలింది. భిక్షపతి పరుగున వెళ్లి బండి తలుపు తీశాడు.

"నీయి నువ్వు తోలుకపో అవ్వా. లొల్లి మాత్రం చెయ్యకు."

రెండు గొర్రెలు కిందికి దూకాయి. సుక్కమ్మ వాటినీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"నాకు గొర్లెక్కడియి బిడ్డా? జొన్నచేన్ల పిట్టలు ఆగుతలేవు. నీ బండి పైన గా కరెంటు తీగ మీది పిట్టలు ఏ ఈలకు లేస్తయో చూస్తున్న. ఎండ తగిలినట్టుంది నీకు, ఇన్ని నీళ్లు తాగు."

ఆమె తన దారిన వెళ్లిపోయింది. సైదులు ఈలలు తుడుచుకోవడంలో పడ్డాడు. అంగడిలో ఎవరికీ ఏ అనుమానమూ లేదు.

భిక్షపతి గొర్రెలను మళ్లీ ఎక్కించి, తలుపు గొళ్లెం బిగించాడు. ఎడమకు వెళితే హైదరాబాదు, కుడికి వెళితే పోలీసు ఠాణా.

బండిని కుడికి తిప్పాడు.