ఆరో వార్డు లైను

"మేడం, ఆ ముసలాయన మళ్లీ వెనక్కి పోతుండు, చూస్తుండ్రా?"

కిటికీలోంచి వేలు చూపించాడు పాండు. పోటీలో ఉన్న రాఘవేందర్‌కు అతను బామ్మర్ది, ఏజెంటు కూడా. నోట్లో నువ్వుగింజ నానదు.

ప్రిసైడింగ్ ఆఫీసర్ వీణ తలెత్తి చూసింది.

బిజినేపల్లి దగ్గర పల్లె అది. రెండువేల ఆరు పంచాయతీ ఎన్నికలు. సర్పంచి ఏకగ్రీవం, మిగతా వార్డులూ ఏకగ్రీవం. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారన్నట్టు ఆరో వార్డుకు మాత్రం పోటీ వచ్చింది. ఆ ఒక్క వార్డు కోసం బడిలో పెట్టె పెట్టారు.

వీణ కల్వకుర్తిలో టీచరు. ఇదే ఆమె మొదటి ఎన్నికల డ్యూటీ.

"పోయినసారి ఆ ఊళ్లో పెట్టెలో నీళ్లు పోసిండ్రు, జర పైలం" అని మండలాఫీసులో చెప్పి మరీ పంపారు.

ఎవరి పక్షమూ అనిపించుకోకుండా, మాట రాకుండా పెట్టె అప్పజెప్పాలి. ఆమెకు కావలసింది అంతే. రాత్రంతా అదే బెంగ.

పోటీలో ఇద్దరే. గొడుగు రాఘవేందర్‌ది, పలక కురుమయ్యది. బ్యాలట్ మీద పేర్లుండవు, గుర్తులే. రాఘవేందర్ పొద్దున్నే వచ్చి నమస్తే పెట్టిపోయాడు. కురుమయ్య తరఫున ఏజెంటు ఎవరూ రాలేదు.

లైన్లో ఆ పెద్దాయన ఏడింటికే ముందున్నాడు. తలుపు దాకా వచ్చాక, కర్ర పట్టుకొని వచ్చిన రాములమ్మను తన చోట నిలబెట్టి తను వెనక్కి పోయాడు. రెండోసారి చంకలో పసిపిల్ల ఉన్న తల్లిని నిలబెట్టాడు. మూడోసారి కూలికి పొద్దుపోతుందని గొణుగుతున్న మనిషిని. పోతూ పోతూ ప్రతి ఒక్కరితో ఏదో మాట్లాడుతున్నాడు.

"పలకకు గుద్దమని చెప్తుండు మేడం. నాకెరుకే," అన్నాడు పాండు.

వీణ పెన్ను పక్కన పెట్టింది. లేచి బయటికి వచ్చింది.

"పెద్దాయనా, మీరెవరు?"

"ఈ వార్డోన్నే మేడం. ఓటుకొచ్చిన."

"పొద్దుటి నుంచి చూస్తున్నా. ఓటు వేయకుండా లైన్లో ఈ ముచ్చట్లేమిటి?"

"ముసలోల్లను, పిల్లల తల్లులను ముందుకు పొమ్మంటున్న. నాదేముంది, మెల్లగ వేస్త."

"అవన్నీ చూసుకోడానికి మేమున్నాం."

లైన్లో నుంచి రాములమ్మ కోడలు ఏదో చెప్పబోయింది. పెద్దాయన వద్దని చెయ్యి చూపించాడు.

వీణకు అది ఇంకా అనుమానంగా తోచింది.

"దేవరాజు గారూ, ఈయన్ని సున్నపు గీత అవతలికి పంపండి. నేను చెప్పేదాకా రానివ్వద్దు."

కానిస్టేబుల్ దేవరాజు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. పెద్దాయన గీత అవతలికి నడిచాడు.

లోపల పాండు కాలు మీద కాలు వేసుకున్నాడు.

ఒంటిగంటకు పది నిమిషాలుందనగా ఆయన గీత దగ్గరికి వచ్చి చెయ్యెత్తాడు. దేవరాజు ఇటు చూశాడు. లైన్లో ఇంకా పదిమంది ఉన్నారు.

"ఇప్పుడు రానిస్తే లొల్లయితది మేడం. మళ్ల నన్ననొద్దు," అన్నాడు పాండు.

వీణ వద్దని చెయ్యి ఊపింది.

ఒంటిగంటకు, లైన్లో ఉన్నవాళ్లకు చీటీలిచ్చి గేటు వేయించింది. పెద్దాయన కాసేపు నిలబడి, తువ్వాలు దులుపుకొని ఊళ్లోకి పోయాడు.

చిన్న మాట పట్టింపు కూడా లేకుండా పోలింగ్ ముగిసింది. వీణకు ప్రాణం లేచొచ్చింది.

రెండింటికి పెట్టె తెరిచారు.

"గొడుగు నలభై మూడు."

"పలక నలభై మూడు."

మళ్లీ లెక్కపెట్టారు. అంతే.

వీణ మనసు కలుక్కుమంది. ఒక్క ఓటు.

"పాండూ, ఆ పెద్దాయన ఓటు వేసుంటే ఎటు పడేది?"

పాండు నేలచూపులు చూశాడు.

"ఏమో మేడం. మంది మనసుల ఏముంటదో మనకేం తెలుస్తది?"

ఓట్లు సమానమైతే చీటీ తీయాలి. రాఘవేందర్ గుమ్మంలోనే ఉన్నాడు.

"ఆ కురుమయ్యను కూడా పిలవండి," అంది వీణ.

"ఊళ్లెకు దేవులాడవోయిండ్రు మేడం, ఇంకా దొరకలే. సంతకానికి ఎట్లనూ వస్తడు, మీరు తీయుండ్రి," అన్నాడు పాండు.

బయట మండలాఫీసు జీపు హారన్ మీద హారన్ కొడుతోంది. వీణ రెండు చీటీలు రాసి, మడిచి, టిఫిన్ డబ్బా మూతలో వేసింది. కళ్లు మూసుకొని ఒకటి తీసింది.

గొడుగు.

బయట డప్పులు మొదలయ్యాయి. రాఘవేందర్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. పాండు అందరికంటే ముందు ఎగురుతున్నాడు.

"ఓడినాయన వచ్చిండు మేడం," అన్నాడు దేవరాజు.

వీణ కాగితాలు సర్దుకుంటూనే ఫారం ముందుకు జరిపింది.

"ఇక్కడ సంతకం పెట్టండి."

పెన్ను తీసుకున్న చెయ్యి నిదానంగా ఉంది. ఆమె తలెత్తింది.

పొద్దున తను పంపేసిన పెద్దాయనే.

వీణ కుర్చీలోంచి లేచి నిలబడింది. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అడిగినప్పుడు చెప్పొచ్చు కదా పెద్దాయనా?"

"లైన్ కాడ నిలబడి నా పేరు నేనే చెప్పుకుంటే ప్రచారమైతది గద మేడం," అని, పలక గుర్తు కురుమయ్య గుండ్రటి అక్షరాలతో సంతకం చేసి పెన్ను ఆమె చేతికిచ్చాడు.