బిగుతు సాక్సులు

"ఇక సాక్సులు అక్కర్లేదమ్మా. లేజర్ చేసిన చెడ్డ నరం పూర్తిగా మూసుకుపోయింది," అన్నాడు కొండాపూర్ డాక్టరు, స్కానింగ్ చూసి. "ఇంకా నొప్పేమైనా ఉందా?"

"లేదండి," అంది సలోమి. పక్క కుర్చీలో ఆమె భర్త ఆనందరావు ఫోన్ చూసుకుంటున్నాడు.

క్యాబ్‌లో ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చారు. వాళ్లింట్లో అన్నం ముందు ప్రార్థన తప్ప మరో మాట వినపడి చాలా కాలమైంది. ఆయన పడక కూడా హాల్లోకి మారిపోయింది.

సలోమి స్కూలు టీచరు. రోజంతా నిలబడే పాఠం చెప్పాలి. ఉబ్బిన నరాలకు లేజర్ చేయించుకున్నాక, పొద్దున్నే కాలు కింద పెట్టకముందే ఆ బిగుతు సాక్సులు తొడుక్కోవాలన్నారు. అది ఆమె ఒక్కదానివల్ల అయ్యేది కాదు. అందుకని తెల్లవారగానే ఆనందరావు వచ్చి, మంచం అంచున కూర్చుని, ఆమె పాదాలకు పౌడరు రాసి, సాక్సులు మోకాళ్ల దాకా మెల్లగా లాగి తొడిగేవాడు. ఆ వెంటనే హాల్లోకి వెళ్లిపోయేవాడు.

డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన మర్నాడు మెలకువ వచ్చినా సలోమి లేవలేదు. కాళ్లు తేలిగ్గానే ఉన్నాయి. అయినా అలాగే పడుకుని ఉంది.

తలుపు చప్పుడైంది. ఆనందరావు. చేతిలో సాక్సులు, పౌడరు డబ్బా.

డాక్టరు చెప్పింది ఆయన వినలేదేమో అనుకుంది. చెబుదామని నోరు తెరిచింది.

"డాక్టరు చెప్పింది విన్నాన్లే," అన్నాడాయన, ఆమె పాదాల వంకే చూస్తూ. "నొప్పి ఇంకా ఉందేమోనని..."

"ఉందండి," అంది సలోమి, కాళ్లు చాపుతూ.